త్రీడీ టీవీ కొనే ముందు...

శెనక్కాయల డబ్బులు చేతికందగానే అనంతపురం నుంచి నాయన ఫోన్: ‘పాత త్రీడీ టీవీ చవగ్గా ఇస్తారంట, తీసుకుందామా?’

త్రీడీ అంటే రెండు కళ్లకు రెండు వేర్వేరు బొమ్మలు చూపించడమే. వాటిని కలిపి లోతు పుట్టించేది మన మెదడు. యాక్టివ్ రకంలో కళ్లద్దాలు ఒక్కో కన్నును మార్చి మార్చి మూస్తాయి. వాటికి బ్యాటరీ కావాలి, ఆ టీవీకి సరిపోయే అద్దాలే దొరకాలి. పాసివ్‌లో అద్దాలు తేలిక, చవక. కానీ ఫుల్ హెచ్‌డీ తెరలో ఒక్కో కంటికి సగం గీతలే అందుతాయి. పైగా సోనీ, ఎల్‌జీ 2017లోనే కొత్త త్రీడీ టీవీలు ఆపేశాయి.

అసలు సంగతి వేరే. నాయనకు ఎడమ కన్ను మసక. ఒక కన్ను సరిగా కనపడకపోతే ఎంత ఖరీదైన టీవీలోనూ లోతు తెలీదు.

‘ఆ డబ్బుతో ముందు కంటి డాక్టర్ దగ్గరికి పోదాం నాయనా’ అన్నా. కాసేపు మాట్లాడలేదు. ‘ఆదివారం వస్తావా?’ అన్నాడు.

టికెట్ బుక్ చేసేశా.