అట్టలు పోయినను గడులు పోలేదు

ధర్మవరపు పట్టుచీర కొంగుమీది నెమళ్లకు ఆధారము మగ్గముపై తిరుగాడు చిల్లుల అట్టలు. చిల్లి యున్నచోట పడుగు దారము పైకి లేచును; లేనిచోట నిలిచిపోవును. ఫ్రాన్సులో 1804 ప్రాంతమున జకార్డు రూపొందించిన ఈ అట్టలనే చార్లెస్ బాబేజి తన గణనయంత్రమునకు కోరుకొనెను. తరువాతి శతాబ్దమున కంప్యూటర్లకును చిల్లుల అట్టలే ఆదేశపత్రములైనవి.

1957లో ఐ.బి.ఎం. సంస్థ వెలువరించిన ఫోర్ట్రాన్ భాష అట్టి అట్టలమీదనే పెరిగినది. అట్టకు 80 గడులు. మొదటి 5 గడులు వాక్యసంఖ్యకు, 6వది కొనసాగింపు గుర్తునకు, 7 మొదలు 72 వఱకు ఆదేశమునకు. ఆ పైనున్నదానిని ఆదేశముగా లెక్కింపరు. అట్టలు మూలబడి దశాబ్దములు గడచినవి. అయినను ఆదేశములను యంత్రభాషలోనికి మార్చు కంపైలర్లు నేటికిని ఆ గడుల లెక్కను మన్నించుచునే యున్నవి. మూడు దారులుగా చీలు పాత 'ఇఫ్' వాక్యమును 2018 నాటి ప్రమాణము తొలగించినను, జీఫోర్ట్రాన్ కంపైలరు దానిని స్వీకరించుచున్నది.

ఇది మూఢాచారమని కొందరందురు. క్రొత్త సౌకర్యమును చేర్చిన ప్రతిసారి పాతవాటితో పొత్తు కుదుర్పవలసి వచ్చుటచే కంపైలరు నిర్మాతలకు భారమందురు. భారము నిజమే. కాని 1992లో వెలువడిన లాపాక్ గణితసంచయములో పెక్కు భాగము ఇప్పటికిని ఆ గడుల కొలతలోనే యున్నది. దానిని తిరుగవ్రాయుట సులభము కాదు. కూడికల వరుస మారినంతనే దశాంశముల తుది అంకెలు మారవచ్చును. హిందూపురము, పెనుకొండ, ధర్మవరములనుండి బెంగుళూరు చేరి ఉద్యోగములు చేయు యువతీయువకులు తాము పుట్టకముందు వ్రాసిన ప్రోగ్రాములను పోషింపవలసి వచ్చుటలో వింత లేదు. కంపైలరు పాతవ్రాతను చదువ నిరాకరించిననాడు వారి చేతిలో మిగులునది అర్థముకాని కాగితమే.

అయినను మౌనముగా మన్నించుట ప్రమాదము. పాత పద్ధతిలో ఖాళీలకు విలువ లేదు. 'డూ 10 ఐ = 1,10' అనునది పదిమారులు చేయుమను ఆజ్ఞ. కామాకు బదులు చుక్క పడెనా, 'డూ10ఐ' అను పేరున 1.10 విలువ దాచబడును, పునరావృత్తి జరుగదు. చరరాశులను ముందుగా ప్రకటింపవలెనను కట్టడి లేనిచో కంపైలరు అభ్యంతరము చెప్పకపోవచ్చును.

కావున స్వీకరించుట ఎంత అవసరమో హెచ్చరించుటయు అంత అవసరము. జీఫోర్ట్రాన్ సాధారణముగా హెచ్చరించి పాత 'ఇఫ్'ను ఒప్పుకొనును. 'లెగసీ' అని కోరినచో మౌనము వహించును. 2018 ప్రమాణమునే కోరినచో తిరస్కరించును. ఈ మూటిలో మొదటిదే ఉచితమైన మార్గము. అట్ట చినిగినచో దాని చిల్లులను క్రొత్త అట్టపైకి దింపుకొన్న పిదపనే పాతదానిని పారవేయవలెను. కంపైలర్లకును ఇదే నీతి.