మురుగులో గ్యాస్ ఉంది, కానీ లాభం గ్యాస్‌లో లేదు

గోదావరిఖనిలో మీథేన్ కొత్త పేరేం కాదు. షిఫ్టు మొదలయ్యే ముందు బాయిలో మైనింగ్ సర్దార్ చూసేది ఆ గ్యాస్ ఉందా లేదా అనే. పక్కనే రామగుండం ఎరువుల కర్మాగారం పైపులైన్‌లో తెప్పించుకుని యూరియా చేస్తున్న సహజవాయువులోనూ ఎక్కువ భాగం అదే. మన ఇళ్ల మురుగులో పుట్టేదీ అదే.

మురుగునీటి శుద్ధి కేంద్రంలో నీళ్లు తేటపడ్డాక అడుగున చిక్కటి బురద మిగులుతుంది. దాన్ని గాలి తగలని ట్యాంకులో, 35 డిగ్రీల వేడిలో, ఇరవై రోజుల దాకా ఉంచితే బ్యాక్టీరియా తిని గ్యాస్ వదులుతుంది. ఊళ్లలో గోబర్ గ్యాస్ ఎట్లనో ఇదీ అట్లనే. సూరత్ కార్పొరేషన్ అంజనా కేంద్రంలో 2003లోనే ఇట్లా అర మెగావాట్ కరెంటు ప్లాంటు పెట్టింది. హైదరాబాద్ అంబర్‌పేటలో రోజుకు 33.9 కోట్ల లీటర్ల కేంద్రం కూడా గ్యాస్ పుట్టే పద్ధతిలో కట్టిందే.

మరి మనకెంత వస్తుంది? నేను బీకాం చదివినోణ్ని, ముందు లెక్కే చూస్తా. రామగుండం కార్పొరేషన్ జనాభా 2 లక్షల పైమాటే. అన్నీ సరిగ్గా నడిస్తే మనిషికి రోజుకు 15 లీటర్ల గ్యాస్ అనుకుందాం. మొత్తం 3 వేల ఘనపు మీటర్లు. వంటగ్యాస్‌లో చెప్పాలంటే రోజుకు 90 సిలిండర్లకు కాస్త అటూ ఇటూ. ఇంటికి సిలిండర్ 40 రోజులు వస్తుందనుకుంటే 3,600 ఇళ్లకు సరిపోతుంది. ఊళ్లో ఇళ్లు 50 వేల దాకా ఉంటాయి. అంటే 'మురుగుతో ఊరంతా వెలుగు' అని ఎవరైనా మైకులో చెప్తే నమ్మనక్కర్లేదు.

ఇంట్లో ఈ మాట చెప్తే అమ్మీ, "తౌబా, ఆ గ్యాస్ మీద వంటనా?" అంది. వంటింటి దాకా తేవాల్సిన పని లేదు. శుద్ధి కేంద్రంలో మోటార్లు రాత్రీపగలూ తిరుగుతాయి, ఆ కరెంటు బిల్లులో కొంత తగ్గినా చాలు. అసలు లాభం బురద తగ్గడం. కుళ్లాక దాని బరువు తగ్గుతుంది, వాసన తగ్గుతుంది, లారీల ఖర్చు తగ్గుతుంది. పచ్చి బురదను చెరువు గట్టునో గోదావరి ఒడ్డునో పోసే అవసరం ఉండదు.

చిక్కు ఎక్కడంటే, సెప్టిక్ ట్యాంకుల దగ్గర. మన బస్తీల్లో చాలా ఇళ్లకు అవే. ఐదారేళ్లు ట్యాంకులో కూర్చున్న బురద తన గ్యాస్‌ను అక్కడే వదిలేసి ఉంటుంది. ట్యాంకరుతో తెచ్చి ప్లాంటులో పోసినా పెద్దగా వచ్చేదేం లేదు. పైగా ఆ గ్యాసులే ట్యాంకులోకి దిగిన మనుషుల ప్రాణం తీస్తున్నాయి. రక్షణ పరికరాలు ఇవ్వకుండా మనిషిని దించడం 2013 చట్టం ప్రకారం నేరం. చనిపోతే 30 లక్షల పరిహారం ఇవ్వాలని 2023 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా ఇంకా దించుతూనే ఉన్నారు. కాబట్టి గ్యాస్ కంటే ముందు పైపులు రావాలి, తాజా మురుగు కేంద్రానికి చేరాలి.

కేంద్రం కట్టే పద్ధతి కూడా చూడాలి. హైదరాబాద్‌లో రూ.3,866 కోట్లతో మొదలుపెట్టిన 31 కొత్త కేంద్రాల్లో ఎక్కువ భాగం గాలి ఊది శుద్ధి చేసేవే. స్థలం తక్కువ పడుతుంది, నీళ్లు బాగా తేటపడతాయి. కానీ బురదలో సత్తువ కొంత అక్కడే ఖర్చయిపోతుంది, కరెంటూ ఎక్కువే తాగుతుంది. హైదరాబాద్‌కు స్థలం లేదు సరే, ఖాళీ జాగాలున్న రామగుండానికీ అదే డిజైన్ ఎందుకు?

బురద ఒక్కటే చాలకపోతే కలపడానికి వేరేవి ఉన్నాయి. హైదరాబాద్ బోయిన్‌పల్లి మార్కెట్‌లో రోజుకు 10 టన్నుల కూరగాయల చెత్తతో దాదాపు 500 యూనిట్ల కరెంటు తీస్తున్నారని 2021లో దేశమంతా చెప్పుకున్నారు. మన దగ్గర హోటళ్ల ఎంగిలి, మటన్ మార్కెట్ వ్యర్థాలు ఉన్నాయి. బక్రీద్ మూడు రోజులూ ఓజ్రీలు నాలాల్లో పడుతున్నాయని ఏటా మాట పడేది మనమే. అదే ఓజ్రీ డైజెస్టర్‌కు మంచి మేత. దాన్ని తీసుకెళ్లే బండి, వేసే చోటు ఉంటే చాలు.

వార్డులో డ్రైనేజీ పనుల మీద మీటింగ్ పెడితే మనవాళ్లు అడగాల్సింది గ్యాస్ గురించి కాదు. మా గల్లీకి పైపు ఎప్పుడు, కేంద్రంలో మిగిలే బురద ఎక్కడికి పోతుంది, ఆ ఖర్చు టెండర్‌లో ఏ పేజీలో రాశారు అని.