గెలిచాక ఓడినవాళ్లను ఏం చేయాలి?

బెంజమిన్ ఫ్రాంక్లిన్ కొడుకు విలియం న్యూజెర్సీలో బ్రిటిష్ రాజుగారి గవర్నరు. తండ్రి స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం పెట్టిన 1776లోనే కొడుకు అరెస్టయ్యాడు. తరవాత తండ్రి అతనికి వీలునామాలో దాదాపు ఏమీ మిగల్చలేదు. యుద్ధంలో తనకు ఎదురు తిరిగాడు కాబట్టే అని కారణం కూడా రాశాడు.

అమెరికా విప్లవం ఇరుగుపొరుగుల మధ్య, ఇళ్లలోపల జరిగిన పోరు కూడా. రాజు పక్షాన నిలిచినవాళ్లంతా దొరలేం కాదు. రైతులు, చిల్లర వర్తకులు, మోహాక్ అనే స్థానిక తెగవాళ్లు ఉన్నారు. పారిపోయి వచ్చిన నల్లజాతి బానిసలూ ఉన్నారు. తిరుగుబాటుదారుల బానిసలు తన తరఫున ఆయుధం పడితే విముక్తి ఇస్తానని వర్జీనియా గవర్నర్ డన్‌మోర్ 1775లో ప్రకటించాడు. అందరికీ స్వేచ్ఛ అంటున్నవాళ్లను వదిలి, స్వేచ్ఛ కోసం రాజు దగ్గరికి పోవాల్సి రావడం ఆ విప్లవానికి అంటిన మచ్చే.

యుద్ధాన్ని ముగించిన 1783 పారిస్ ఒప్పందం ప్రకారం, జప్తు చేసిన ఆస్తులు తిరిగివ్వమని అమెరికా కాంగ్రెస్ రాష్ట్రాలకు సిఫార్సు చేయాలి. చేసింది. ఆదేశించే అధికారం దానికి లేదు, రాష్ట్రాలు చాలావరకు చెవిన పెట్టలేదు. రాజు పక్షంవాళ్లు సుమారు 60 వేలమంది దేశం వదిలారు. సగానికి పైగా కెనడా వైపు వెళ్లారు.

యార్క్‌టౌన్‌లో బ్రిటిష్ సేనల మీదికి దూకిన అలెగ్జాండర్ హామిల్టనే 1784లో న్యూయార్క్ కోర్టులో రాజు పక్షం వర్తకుడి తరఫున వాదించాడు. ఒప్పందం మీద సంతకం చేశాక స్థానిక చట్టంతో దాన్ని తుంగలో తొక్కకూడదన్నది వాదన. జాలి ఒక్కటే కాదు, డబ్బున్నవాళ్లు వెళ్లిపోతే వ్యాపారం ఏమవుతుందన్న లెక్కా అతనికి ఉంది. నాకు ఆ లెక్క తప్పనిపించదు.

బ్రిటన్ నష్టపరిహార కమిషన్ వేసింది. ఆస్తిని కాగితాలతో, సాక్షులతో రుజువు చేయగలిగినవాళ్లకే అది పనికొచ్చింది. నోవా స్కోషియాలో బర్చ్‌టౌన్ చేరిన నల్లవాళ్లకు ఇస్తామని చెప్పిన భూమి ఆలస్యంగా, అరకొరగా అందింది. చాలామందికి అసలే అందలేదు. 1792లో ఆ ప్రాంతం నుంచి దాదాపు 1,200 మంది ఓడలెక్కి సియెర్రా లియోన్ వెళ్లిపోయారు.

1948లో భారత్‌లో కలిసిన హైదరాబాద్‌ను దీనితో పోల్చి చూడవచ్చు, ఒక తేడాతో. అక్కడ ఏదో ఒక పక్షం ఎంచుకున్నవాళ్లే ఎక్కువగా నష్టపోయారు. ఇక్కడ ఏ పక్షమూ ఎంచుకోని పల్లెల ముస్లింలు ఎందరో మతం కారణంగా బలయ్యారు. ఓడిన పాలకుడు నిజాం 1950లో రాజ్‌ప్రముఖ్ (రాష్ట్రాధిపతి) అయ్యాడు. పల్లెల్లో జరిగింది విచారించిన సుందర్‌లాల్ కమిటీ నివేదికను మాత్రం ప్రభుత్వం దశాబ్దాలపాటు ప్రచురించలేదు.