తూకం ఒక్కటే చాలదు: మండపీతకు జాతి ఏరివేత కావాలి

నెల్లూరు తీరంలో మండపీత వ్యాపారం తూకం మీదనే నడుస్తున్నది. కిలో దాటినది మేలు సరుకు, అర కిలో పైది మధ్య రకం, దానికి దిగువన వున్నదంతా చిన్న సరుకు కింద పోతుంది. డెక్క విరిగితే ధర కూడా విరుగుతుంది. డిప్ప మెత్తగా వుండి లోపల నీరు ఊరే పీతను ఎగుమతిదారు వాటర్ క్రాబ్ అని పక్కకు నెడతాడు. ఇంతవరకు దళారీలకు, వర్తకులకు తెలిసిన లెక్కే. ఒకే బుట్టలో ఒకే పేరుతో దిగుతున్న ఈ సరుకు ఒక జాతి కాదు, రెండు జాతులు అన్న సంగతి మాత్రం లెక్కకు ఎక్కడంలేదు.

తినేవానికి దీనివల్ల పెద్ద నష్టం లేదు. నష్టపోయేది చెరువు వేసి పెంచేవాడు. మూడు వందల గ్రాముల పీతలు రెండు తీసుకుంటే, పెద్ద జాతిది ఇంకా ఎదిగే వయసులో వుంటుంది. మేత పడితే కిలో దాకా పోగలదు. చిన్న జాతిది అదే బరువుకు చాలావరకు ముదిరిపోయి వుంటుంది. దానికి ఎన్ని నెలలు చిల్లర చేపలు కోసి వేసినా కిలో దాటడం అరుదు. కొన్న రోజున రెండింటికీ ఒకే ధర కట్టిన రైతు, పట్టుబడి రోజున తేడా చూసి నీటినీ మేతనూ నిందిస్తాడు. మెత్త సరుకును మూడు నాలుగు వారాలు మేపి డిప్ప గట్టిపరచి అమ్మేవారికి ఈ బాధ తక్కువ, ఎందుకంటే వారు అమ్మేది గట్టిదనాన్నే గాని ఎదుగుదలను కాదు.

రెండు జాతులనూ పోల్చడానికి ప్రయోగశాల అక్కరలేదు. పెద్ద జాతికి కళ్ల నడుమ నుదుటి పళ్లు ఎత్తుగా, వాడిగా వుంటాయి. డెక్క వెనుక మణికట్టు వంటి కణుపు వెలుపలి అంచున రెండు ముళ్లు స్పష్టంగా కనిపిస్తాయి. కాళ్లన్నిటి మీదా వల అల్లినట్టు గళ్లు వుంటాయి. చిన్న జాతికి నుదుటి పళ్లు మొండిగా, గుండ్రంగా వుంటాయి. కణుపు మీద ముల్లు వుంటే ఒకటి, అదీ అరిగినట్టు వుంటుంది. డెక్కల్లో ఎరుపు జీర ఎక్కువ. రంగును మాత్రమే నమ్మితే మోసపోవచ్చు, బురదను బట్టి మారుతుంది. ముల్లు మారదు.

పేర్ల గందరగోళం వర్తకులది కాదు, శాస్త్రజ్ఞులదే. మన దేశపు పాత పుస్తకాలు పెద్దదానిని స్కిల్లా ట్రాంక్వెబారికా అనీ, చిన్నదానిని స్కిల్లా సెరాటా అనీ రాశాయి. 1998లో కీనన్, డేవీ, మాన్ అనే ముగ్గురు ఈ ప్రజాతిని నాలుగు జాతులుగా సరిదిద్దారు. ఆ లెక్కన మన పెద్దదే సెరాటా, చిన్నది ఒలివేసియా. 2014లో ఎంపెడా అనుబంధ సంస్థ రాజీవ్ గాంధీ సెంటర్ ఫర్ ఆక్వాకల్చర్ శాస్త్రజ్ఞులు జన్యు పరీక్షలు జరిపి భారత తీరంలో ఈ రెండు జాతులే వున్నాయని తేల్చారు. తమిళనాడులోని తరంగంబాడి పేరు మోసిన మూడో జాతి వారి నమూనాల్లో దొరకనే లేదు! పాత కరపత్రం చూసి సెరాటా కావాలని అడిగిన రైతుకు చిన్న జాతి అంటగట్టినా, అమ్మినవాడు పుస్తకాన్ని చూపించి తప్పుకోవచ్చు.

పెద్ద జాతి వ్యాప్తి విశేషమైనది. దక్షిణాఫ్రికా, ఎర్ర సముద్రం మొదలు హిందూ మహాసముద్రం చుట్టూ పరచుకుని ఆస్ట్రేలియా, ఫిజీ దాకా పోయింది. చిన్న జాతి పాకిస్తాన్ నుంచి బంగ్లాదేశ్, థాయ్‌లాండ్ మీదుగా ఆస్ట్రేలియా పడమటి అంచు వరకు వుంది. చైనా, వియత్నాం తీరాల్లో పారమామొసేన్ అనే మరో జాతి దొరుకుతుంది. సింగపూర్, హాంకాంగ్ కొనుగోలుదారు ముందు ఇవన్నీ పక్కపక్కన వుంటాయి. అతడు జాతి చూసి బేరమాడగా, ఇక్కడివారు తూకం మాత్రమే చూసి పంపడం తెలివైన పని కాదు.

నెల్లూరు తీరానికి వస్తే రెండు జాతులూ కలిసే వుంటాయి. పెద్దది సముద్రపు ఉప్పుకు దగ్గరగా వుండే నీటిని కోరుతుంది. చిన్నది ఉప్పు తగ్గిన నీటికీ, మడచెట్ల కింద బొరియలకూ అలవాటుపడింది. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వానలు పడి పెన్న, కండలేరు, స్వర్ణముఖి నీళ్లు దిగితే ఉప్పుటేళ్లు తియ్యబడతాయి. ఎండాకాలంలో పులికాట్ ఉత్తర భాగం ఎండి నెర్రెలు వేస్తుంది. 2022 జిల్లాల విభజనలో తడ, సూళ్లూరుపేట వైపు ఒడ్డు తిరుపతి జిల్లాకు వెళ్లింది గాని పీతకు ఆ హద్దు పట్టదు. దానికి కావలసింది తెరిచివున్న మొగ. గుడ్లతో వున్న ఆడపీత సముద్రంలోకి పోయి పిల్లలను వదలవలసిందే. ఆ పిల్లలు అయిదు దశలు మారి, తిరిగి మొగల గుండానే లోపలికి రావాలి. ఇసుక మేట వేసి మొగ మూసుకుంటే తర్వాతి పంట సరుకు అక్కడే ఆగుతుంది. పులికాట్ జాలర్లు రాయదొరువు మొగ పూడిక గురించి మొత్తుకునేది ఇందుకే.

మరో చిక్కు రొయ్యల చెరువులది. తెల్లమచ్చ వైరసును మోసుకువస్తుందని రొయ్యల రైతు గట్టు చుట్టూ కంచె కట్టి పీతను వెళ్లగొడతాడు. అందులో తప్పు పట్టడానికేమీ లేదు. కాని ఏటి పీతకు నిలువనీడ తగ్గుతున్నమాట నిజం.

జాతి ఏరివేత అంటే దళారీలు సాధారణంగా చెప్పే అభ్యంతరం టైము. ప్రాణమున్న సరుకు, చెన్నై విమానం వేళకు అందాలి, ఒడ్డున కూర్చుని ముళ్లు లెక్కపెట్టేదెవరు అంటారు. ఈ వాదం నిలవదు. డెక్కలు కట్టకుండా ఒక్క పీత కూడా బుట్టలోకి పోదు. అంటే ప్రతి పీతా ఒక మనిషి చేతిలో కొన్ని క్షణాలు వుంటుంది, కణుపు అతని కంటి ముందే వుంటుంది. పెద్ద జాతికి ఒక రంగు తాడు, చిన్న జాతికి మరో రంగు తాడు కడితే అదనపు ఖర్చు తాడు రంగే. ఏ మొగ దగ్గర, ఏ నెలలో ఏ జాతి ఎంత దిగిందో కూడా పద్దు పుస్తకంలోకి దానంతటదే వస్తుంది. అటువంటి పద్దు వున్న వర్తకుడు బయానా ఎక్కడ ఇవ్వాలో ముందుగా తెలుసుకుంటాడు.

తులం బరువు పిల్లలను కంటితో పోల్చడం కష్టమే. అందుకు పెద్ద జాతి పిల్లలనే తయారుచేసే హేచరీ తమిళనాడులో శీర్గాళి దగ్గర తొడువాయ్‌లో వుంది. అక్కడ కూడా పొదిగిన వాటిలో నూటికి పది దక్కడం లేదు, అందుచేత చవకగా దొరకవు. ఏటి పిల్ల చవక అని కొనేవారు, సగం చిన్న జాతి అయితే నికరంగా ఎంత పడుతుందో కాగితం మీద వేసి చూసుకోవాలి.

2020 జనవరి చివర చైనా కొత్త సంవత్సరపు గిరాకీ మీద ఆశ పెట్టుకుని సరుకు నిలవేసినవారు, వ్యాధి భయంతో ఎగుమతులు ఆగిపోగా చేతులు కాల్చుకున్నారు. అది ఎవరి చేతిలోనూ లేని నష్టం. బుట్టలో రెండు జాతులు కలవడం వల్ల వచ్చే నష్టం అటువంటిది కాదు. చెరువు కోసం కొనే రైతులు చీటీ మీద తూకంతోపాటు జాతి కూడా రాయించుకోవడం మొదలుపెడితే, ఒడ్డున తాడు రంగు మారడానికి ఒక్క సీజను కన్నా ఎక్కువ పట్టదు.