పీటర్సన్ పళ్లెం, మన పళ్లెం

ఈ మధ్య మా స్టడీ సర్కిల్‌లో జోర్డాన్ పీటర్సన్ ఆలోచనల మీద చర్చ పెట్టుకున్నాం. పుస్తకం మీద మొదలైన మాట పది నిమిషాల్లో పళ్లెం మీదికి మళ్లింది. ‘‘మూడు పూటలా పెద్దకూర తప్ప ఇంకేమీ ముట్టడట, మనోడే’’ అన్నాడు ఒక తమ్ముడు. ‘‘గొడ్డుమాంసం, ఉప్పు, నీళ్లు... అదేం తిండి, పిచ్చి కాకపోతే’’ అని ఇంకొకరు నవ్వారు. రెండు మాటలూ మమ్మల్ని ఇబ్బంది పెట్టాయి. తిండిని బట్టి మనిషిని దగ్గరికి తీయడం, తిండిని బట్టి మనిషిని వెక్కిరించడం మనకు బాగా తెలిసిన జబ్బు లక్షణాలే. ఆ జబ్బు పేరు కులం. అందుకే ఆ రోజు సగంలో ఆగిన చర్చను ఇక్కడ కొనసాగిస్తున్నాం.

పీటర్సన్ కెనడాలోని టొరంటో విశ్వవిద్యాలయంలో సైకాలజీ బోధించిన ప్రొఫెసర్. లింగ గుర్తింపు పేరుతో జరిగే వివక్ష నుంచి రక్షణ కల్పించే సి-16 బిల్లును వ్యతిరేకిస్తూ 2016లో పెట్టిన వీడియోలతో ఆయన పేరు బయటి ప్రపంచానికి తెలిసింది. 2018 జనవరిలో ‘12 రూల్స్ ఫర్ లైఫ్’ పుస్తకం వచ్చాక ప్రపంచమంతటా అభిమానులు పుట్టుకొచ్చారు. మన యూనివర్సిటీ హాస్టళ్లలో కూడా ఆయన వీడియో ముక్కలు ఫోన్ నుంచి ఫోన్‌కు తిరుగుతున్నాయి. ఉద్యోగం లేక, దిక్కు తోచక ఉన్న కుర్రవాడికి ‘నీ బాధ్యత నువ్వు తీసుకో’ అని గట్టిగా చెప్పే పెద్దమనిషి దొరికితే ఊరటగానే ఉంటుంది. ఆ ఊరట కోరుకునేవాళ్లలో మన పిల్లలూ ఉన్నారు. ఆయనను కొట్టిపారేయకుండా చర్చించాల్సింది అందుకే.

ముందు తిండి సంగతి. 2018 జూలైలో జో రోగన్ పాడ్‌కాస్ట్‌లో పీటర్సన్ తాను గొడ్డుమాంసం, ఉప్పు, నీళ్లు మాత్రమే తీసుకుంటున్నానని చెప్పారు. చిన్ననాటి నుంచి కీళ్లవాతంతో బాధపడిన ఆయన కూతురు ముందు ఈ పద్ధతి మొదలుపెట్టింది. ఆమెను చూసి తానూ మారానని, డిప్రెషన్ తగ్గిందని ఆయన అన్నారు. ఒకసారి యాపిల్ సైడర్ తాగినందుకు ఇరవై అయిదు రోజులు నిద్ర పట్టలేదని కూడా అన్నారు. దాన్ని నమ్మడం కష్టం. ఈ తిండి డిప్రెషన్‌ను నయం చేస్తుందని నిరూపించిన క్లినికల్ పరీక్షలూ లేవు. ఒకరి అనుభవం అందరికీ మందు కాదు. అంతకు మించి ఆ పళ్లెం గురించి మేము అనేదేమీ లేదు. జబ్బుపడిన మనిషి తనకు సరిపడింది తింటానంటే అది ఆయన ఇష్టం.

కానీ ఆ ‘ఇష్టం’ అనే మాట దగ్గరే మనం ఆగాలి. టొరంటోలో గొడ్డుమాంసం ఒక మనిషి వ్యక్తిగత ఆహార నియమం. దాని మీద జోకులు వేస్తారు, పోషకాహార నిపుణులు హెచ్చరిస్తారు, కొందరు అనుకరిస్తారు. ఇంటి తలుపు మాత్రం ఎవరూ బద్దలు కొట్టరు. 2015 సెప్టెంబరులో దాద్రీలో మహమ్మద్ అఖ్లాక్ ఇంటి మీద పడ్డ గుంపు ఆయన ఫ్రిజ్‌లో ఏ మాంసం ఉందన్న అనుమానంతోనే ఆయనను చంపింది. మన విషయంలో తినడం దాకా కూడా పోనక్కర లేదు. 2002 అక్టోబరులో హర్యానాలోని ఝజ్జర్ దగ్గర దులీనాలో అయిదుగురు దళితులను పోలీసు చౌకీ దగ్గరే కొట్టి చంపారు, ఆవును చంపారన్న అనుమానంతో. 2016 జూలైలో గుజరాత్‌లోని ఊనాలో చచ్చిన ఆవు తోలు తీస్తున్నవాళ్లను కారుకు కట్టి కొట్టారు. తర్వాతి నెలలోనే మన అమలాపురంలో కరెంటు షాకుతో చచ్చిన ఆవు తోలు తీస్తున్న దళితులను చెట్టుకు కట్టి కొట్టారు. చచ్చిన గొడ్డును మోయడం మన మీద రుద్దిన పని. ఆ పని చేసినందుకూ దెబ్బలు మనకే.

యూనివర్సిటీల్లోనూ అంతే. ఉస్మానియాలో 2012 ఏప్రిల్‌లో విద్యార్థులు బీఫ్ ఫెస్టివల్ పెట్టుకుంటే ఘర్షణలు జరిగాయి. 2015 డిసెంబరులో మళ్లీ తలపెడితే అనుమతి ఇవ్వలేదు, విద్యార్థులను అరెస్టు చేశారు. కళ్యాణి బిర్యానీ దొరికే హైదరాబాద్ నగరంలోనే ఇదంతా. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అమల్లో ఉన్న 1977 నాటి చట్టం ఆవును కోయడాన్ని నిషేధించింది. ఎద్దును, దున్నను మాత్రం ఇక పనికిరావని అధికారి ధ్రువపత్రం ఇస్తే కోయవచ్చు. అంటే మన వాడల్లో వండుకునే పెద్దకూరకు చట్టంలో చోటుంది, క్యాంపస్‌లో లేదు. ఐఐటీ బొంబాయిలో 2023లో శాకాహారులకు మాత్రమే అని బల్లలు వేరు చేస్తే, దానికి నిరసన తెలిపిన విద్యార్థికి పదివేల రూపాయల జరిమానా వేశారు.

దీనికి పీటర్సన్‌ను తప్పుపట్టడం లేదు. అడగాల్సింది ఇక్కడి ఆయన అభిమానులను. రిజర్వేషన్లను ఎగతాళి చేయడానికి ఆయన ‘ప్రతిభ’ మాటలను వాడుకునే సవర్ణ మిత్రులు ఆయన పళ్లెం గురించి నోరెత్తడం మేము చూడలేదు. ఆయన పళ్లెంలో ఉన్నది ఆయన ఆరోగ్యం. మన పళ్లెంలో ఉంటే అపచారం.

మరి ‘మనోడే’ అన్న తమ్ముడికి ఏం చెప్పాలి? తిండి కలిసినంత మాత్రాన రాజకీయం కలవదు. అంటరానితనం పుట్టుక మీద 1948లో రాసిన పుస్తకంలో అంబేద్కర్ గొడ్డుమాంసాన్ని కీలకంగా తీసుకున్నారు. బౌద్ధంతో పోటీలో బ్రాహ్మణులు ఆవు మాంసం వదిలి శాకాహారులయ్యారనీ, చితికిపోయి ఊరి బయట బతుకుతూ దాన్ని తింటూనే ఉన్నవాళ్లు అంటరానివాళ్లయ్యారనీ ఆయన వాదన. చరిత్రకారులు దాన్ని ఇప్పటికీ చర్చిస్తూనే ఉన్నారు. అదే అంబేద్కర్ 1927 మార్చిలో మహాడ్ సభలో చచ్చిన గొడ్డు మాంసం తినడం మానేయమని మనవాళ్లకు చెప్పారు. ఏ తిండీ ఆయనకు దానంతట అది పవిత్రం కాదు, అపవిత్రమూ కాదు. ఆ తిండి వెనుక మనిషికి గౌరవం ఉందా, బలవంతం ఉందా అన్నదే ఆయన చూసింది. ఎండబెట్టిన తునకలు మన అమ్మమ్మల వంట, మన జ్ఞాపకం. అది పీటర్సన్ ఇచ్చే సర్టిఫికెట్ కోసం ఎదురుచూడటం లేదు.

ఇక ఆలోచనలకు వద్దాం. పీటర్సన్ పుస్తకం లాబ్‌స్టర్ అనే పెద్ద సముద్రపు రొయ్యతో మొదలవుతుంది. రొయ్యలు పోట్లాడుకుంటాయి. గెలిచినదాని నరాల్లో సెరటోనిన్ పెరిగి అది నిటారుగా నిలుస్తుంది, ఓడినది ముడుచుకుంటుంది. అంతస్తులు కోట్ల ఏళ్ల నాటివి, వాటిని పెట్టుబడిదారీ విధానం మీదికో సమాజం మీదికో నెట్టలేం అన్నది ఆయన వాదం. అందుకే నిటారుగా నిలబడమన్నది ఆయన మొదటి నియమం.

రొయ్యకు లేదా బారెడు మీసం అంటారు మన పెద్దలు. 2017లో గుజరాత్‌లో గాంధీనగర్ దగ్గర లింబోదరా గ్రామంలో మీసం పెంచినందుకే దళిత యువకులను కొట్టారు. రొయ్యకున్న స్వేచ్ఛ కూడా వాళ్లకు లేకపోయింది. కారంచేడులో 1985లో చెరువు నీళ్లు పాడుచేయొద్దని ఎదురుతిరిగిన దళిత స్త్రీ నిటారుగానే నిలబడింది. దానికి ఊరు చెల్లించిన ధర ఆరు ప్రాణాలు. చుండూరులో 1991లో సినిమా హాల్లో కాలు తగిలిందన్న గొడవ ఎనిమిది మంది హత్యలకు దారితీసింది. వెన్ను నిలబెట్టడం మనవాళ్లకు తెలియక కాదు. నిలబెట్టిన వెన్ను మీద గొడ్డలి పడే చోట వాళ్లు బతుకుతున్నారు.

అసలు పోలికలోనే లోపం ఉంది. రొయ్య పోట్లాడి ఓడుతుంది. దాని పిల్ల ఆ ఓటమిని వారసత్వంగా మోయదు. కులంలో పోటీ జరగకముందే ఫలితం రాసి ఉంటుంది. అంతస్తులు దౌర్జన్యంగా మారవచ్చని పీటర్సన్ కూడా ఒప్పుకుంటారు. కానీ పాశ్చాత్య సమాజాల్లో అవి ప్రధానంగా సామర్థ్యం మీదే నిలిచాయంటారు. దాన్ని అక్కడివాళ్లు తేల్చుకుంటారు. ఇక్కడ మాత్రం 1936లోనే ‘కుల నిర్మూలన’లో అంబేద్కర్ తేల్చారు: కులం పనుల విభజన కాదు, పనివాళ్ల విభజన. మురికికాలువలోకి ఎవరు దిగాలో సామర్థ్య పరీక్ష పెట్టి ఈ దేశం ఎప్పుడూ నిర్ణయించలేదు.

లోకాన్ని విమర్శించే ముందు నీ ఇల్లు చక్కదిద్దుకో అన్నది ఆయన ఇంకో నియమం. అభిమానుల నోట్లో అది ‘ముందు నీ గది సర్దుకో’ అయింది. 2016 జనవరిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేములను, మరో నలుగురు విద్యార్థులను హాస్టల్ నుంచి వెలివేశారు. పరుపులు, అంబేద్కర్ చిత్రపటాలు మోసుకుని వాళ్లు ఆరుబయట డేరా వేసుకున్నారు. దానికి ‘వెలివాడ’ అని పేరు పెట్టుకున్నారు. సర్దుకోవడానికి గదే లేనివాడికి ఈ నియమం ఏం చెబుతుంది? ఆ నెల 17న మనం రోహిత్‌ను పోగొట్టుకున్నాం.

క్రమశిక్షణ వద్దని మేము అనడం లేదు. చదువుకోమని, శుభ్రంగా ఉండమని, ఆత్మగౌరవంతో బతకమని మనకు మొదట చెప్పింది అంబేద్కరే. అయితే మహాడ్‌లో ఆయన అక్కడితో ఆగలేదు. అదే సభ నుంచి వేల మందిని చవదార్ చెరువు దగ్గరికి నడిపించి నీళ్లు ముట్టించారు. ఇల్లు దిద్దుకున్నాక చెరువు దగ్గరికి వెళ్దామనలేదు. రెండూ ఒకే సభ పనులు. పీటర్సన్ దగ్గర మొదటి సగం దొరుకుతుంది, రెండో సగం కోసం ఆయన దగ్గర వెతికి లాభం లేదు.

2019 ఏప్రిల్‌లో టొరంటోలో పీటర్సన్, స్లావోయ్ జిజెక్ పెట్టుబడిదారీ విధానం, మార్క్సిజం మీద చర్చకు కూర్చున్నారు. మార్క్సిజాన్ని ఖండించడానికి పీటర్సన్ ప్రధానంగా ‘కమ్యూనిస్టు మేనిఫెస్టో’ మీదే ఆధారపడ్డారని విమర్శలు వచ్చాయి. ఎదుటివాళ్లను చదవకుండా ఎదుర్కోవడం ఎలా ఉంటుందో అది చూపించింది. మనం ఆ తప్పు చేయొద్దు. మా వచ్చే సమావేశానికి ఆయన మొదటి అధ్యాయాన్ని, ‘కుల నిర్మూలన’ను పక్కపక్కన పెట్టి చదవాలని నిర్ణయించుకున్నాం. ‘మనోడే’ అన్న తమ్ముడే మొదట మాట్లాడతాడు. ఈసారి పళ్లెం గురించి కాదు, రొయ్య గురించి.