పోయిన ఆదివారం నూనె

ఆదివారం పూరీలంటే మా అందరికీ పండుగే. ప్లేటు పట్టుకుని ముందుగా లైన్లో నిలబడేదీ మేమే. కానీ ఈ ఆదివారం పూరీలో పోయిన ఆదివారం మిరపకాయ బజ్జీల వాసన వస్తే ఏమనుకోవాలి? అందుకే ఈ నాలుగు మాటలు. ఇది ఎవరి మీదా ఫిర్యాదు కాదు, వంట చేసే అక్క మీద అసలే కాదు. నూనె పారబోస్తే లెక్క చెప్పుకోవాల్సింది ఆమే.

ఏ నూనె మంచిదని అడిగితే మాలో ఒక్కొక్కరం ఒక్కో పేరు చెబుతాం. మా ఉద్దేశంలో ముందు అడగాల్సింది పొయ్యి మీద వేడి ఎంత అని. నీళ్లు పోసి ఉడికించే పప్పు, కూర 100 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గరే ఉంటాయి. అక్కడ ఏ నూనైనా ఫరవాలేదు, గానుగ నూనైతే రుచి కూడా. పూరీ పొంగాలంటే మాత్రం నూనె 180 డిగ్రీల దాకా కాగాలి. గానుగ పల్లి నూనె సుమారు 160కే పొగ పట్టవచ్చు. రిఫైండ్ నూనెలు 220 దాకా ఓర్చుకుంటాయి. నెయ్యి ఇంకా పైకి వెళ్తుంది గానీ, అది మన మెనూలో లేదు కాబట్టి దాని గొడవ వద్దు.

అలాగని పొగ ఒక్కటే కొలత కాదు. పొద్దుతిరుగుడు నూనె పొగ రాకపోయినా, మళ్లీ మళ్లీ కాచితే త్వరగా చెడుతుంది. పామాయిల్ వేపుడుకు బాగా నిలుస్తుంది, కానీ దానిలో సంతృప్త కొవ్వు ఎక్కువ, రోజూ మూడు పూటలా తింటే గుండెకు మంచిది కాదు. అందుకని పూరీలకు పామాయిల్, కూరలకు పల్లి నూనె అని మా ఓటు.

అసలు చిక్కు ఇక్కడ కాదు, మూల పెట్టిన డబ్బాలో ఉంది. ఒకసారి కాగిన నూనె మరుసటిసారి ఇంకా తక్కువ వేడికే పొగ వస్తుంది. నల్లబడుతుంది, చిక్కబడుతుంది, నురగ కడుతుంది. ఆ పొగకు ముందు కళ్లు మండేదీ, దగ్గేదీ వంట అక్కే. చెడిన పదార్థాలు 25 శాతం దాటిన నూనె వాడకూడదని 2018 జూలై 1 నుంచి దేశమంతటా నిబంధన ఉంది. అది కొలిచే పరికరం మన వంటగదిలో లేదు. ముక్కు ఉంది. కమురు వాసన దానికి తెలుస్తుంది.

"అంత నూనె పారబోస్తే డైట్ చార్జీలు ఎలా సరిపోతాయిరా?" అని వార్డెన్ సార్ అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. పారబోయమని మేం అనడం లేదు. వేయించిన నూనెను వడగట్టి ఒకటి రెండు రోజుల్లో కూరల్లో వాడేయవచ్చని, మళ్లీ వేపుడుకు మాత్రం పెట్టవద్దని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో చెప్పింది. అంటే సోమ, మంగళవారాల పోపుతో డబ్బా ఖాళీ కావాలి. కావాలంటే ఆదివారం మిగిలేదే తక్కువ ఉండాలి. ఇప్పుడున్న వెడల్పు బాండీలో పూరీ మునగాలంటేనే డబ్బాలో సగం పోయాలి. లోతైన చిన్న బాండీ అయితే కొంచెం కొంచెంగా పోసుకుంటూ పోవచ్చు.

పూర్వ విద్యార్థులైన అన్నలకు ఒక మనవి. ఏటా మీరు గోడ గడియారాలు ఇస్తున్నారు, సంతోషం. మాకిప్పుడు టైము బాగానే తెలుస్తోంది. ఈసారి రెండు లోతు బాండీలు, ఒక స్టీలు వడపోత ఇప్పించండి.