మంచునేలలో పచ్చిక

ఇంటి ముందు పచ్చిక పెంచడం శీతల దేశాలలో కేవలం అలంకారం కాదు. అది గృహస్థుని మర్యాదకు కొలమానం. అమెరికా ఉత్తర ప్రాంతంలో కెనడా సరిహద్దున ఉన్న మిన్నెసోటా రాష్ట్రంలో ఈ మాట మరింత నిజం. అక్కడి ఇళ్ల ముంగిళ్లకు సాధారణంగా ప్రహరీలు ఉండవు. ఒకరి పచ్చిక ముగిసేచోట పొరుగువారి పచ్చిక మొదలవుతుంది. ఒక ఇంటివారు రెండు వారాలు గడ్డి కోయకపోతే ఆ సంగతి వీధి వీధంతటికీ తెలిసిపోతుంది. ఇరుగుపొరుగు చూపులకు వెరచి చేసే సేద్యం ఏదైనా ఉంటే అది ఇదే. అయితే చూపులకు నచ్చే పచ్చిక వేరు, నేలకు నప్పే పచ్చిక వేరు. ఈ తేడాను గ్రహించక పడే శ్రమ వృథా కావడమే కాదు, ఆ రాష్ట్రానికి జీవనాధారమైన సరస్సులకు హాని కూడా చేస్తున్నది.

మిన్నెసోటాకు పదివేల సరస్సుల నేల అని పేరు. అక్కడ జనవరి రాత్రులలో ఉష్ణోగ్రత సున్నాకు 10 డిగ్రీల దిగువకు పోవడం సర్వసాధారణం. పైన మంచు దుప్పటి పలుచగా ఉన్న ఏళ్లలో చలి నేలలోకి మీటరు లోతు వరకు చొచ్చుకుపోతుంది. అటువంటి చోట ప్రతి గడ్డీ బతకదు. తెలుగునాట పొలం గట్లపై పెరిగి, వినాయక చవితినాడు పూజకు అందే గరిక ఎండను కోరే గడ్డి. అమెరికా దక్షిణ రాష్ట్రాలలో దానినే బెర్ముడా గ్రాస్ అనే పేరుతో ఇళ్ల ముందు పెంచుతారు. మిన్నెసోటా చలికి అది నిలవదు. అక్కడ ప్రధానంగా కనిపించేది కెంటకీ బ్లూగ్రాస్. పేరులో కెంటకీ ఉన్నది గాని, ఐరోపా వలసదారుల వెంట సముద్రం దాటి వచ్చిన గడ్డి అది. సుమారు 15 నుంచి 24 డిగ్రీల వేడిలో ఏపుగా పెరుగుతుంది. నడివేసవిలో నీరు అందకపోతే గోధుమ రంగుకు తిరిగి నిద్రాణస్థితిలోకి పోతుంది. గడ్డి చచ్చిపోయిందని గృహస్థుడు కంగారుపడి నీళ్లు గుమ్మరిస్తాడు. నిజానికి అది వాన కోసం ఓపికగా ఎదురుచూస్తూ ఉంటుంది.

ఈ స్వభావాన్ని ఎరిగినవారికి ఏ పని ఎప్పుడు చేయాలో ఎవరూ చెప్పనక్కరలేదు. కాని జరుగుతున్నది వేరు. ఏప్రిల్‌లో మంచు కరగీ కరగకముందే జనం అంగళ్లకు పరుగెత్తి ఎరువు బస్తాలు తెస్తారు. ఆరు నెలలుగా తెలుపు తప్ప మరో రంగు చూడని కళ్లకు పచ్చదనం మీద ఆత్రం ఉండడం సహజమే. అయితే అప్పటికి నేల నానిన పిండిలా ఉంటుంది. దాని మీద నడిచినా, యంత్రం నడిపినా మట్టి అణగారి వేళ్లకు గాలి ఆడదు. తొలి వసంతంలో చల్లిన నత్రజని వేరును బలపరచదు, ఆకును పొంగిస్తుంది. పొంగిన ఆకును కోయడానికి మళ్లీ శ్రమ, ఇంధనం, ధనం కావాలి.

పచ్చికకు అసలైన సమయం వసంతం కాదు; ఆగస్టు చివరి నుంచి సెప్టెంబరు నెలాఖరు వరకు గల రోజులు. అప్పుడు గాలి చల్లబడుతుంది, నేలలో వేసవి వేడి ఇంకా నిలిచి ఉంటుంది, కలుపు వెనుకబడుతుంది. కొత్త గింజలు చల్లడానికి, గట్టిపడిన నేలకు రంధ్రాలు చేసి గాలి ఆడనివ్వడానికి, ఏడాదికి ఒక్కసారే ఎరువు వేయదలచినవారు వేయడానికి అదే అదను. అదను ఎరిగి విత్తాలన్న తెలుగు రైతు తెలివి ఖండాంతరంలోనూ చెల్లుబాటు అవుతుంది.

కోతలోనూ మితం అవసరం. గడ్డిని ఏడెనిమిది సెంటీమీటర్ల ఎత్తున ఉంచి, ఒక కోతలో మూడో వంతుకు మించి తీయకుండా ఉంటే వేళ్లు లోతుకు దిగుతాయి. కోసిన తుంపులను అక్కడే వదిలితే పచ్చికకు ఏటా కావలసిన నత్రజనిలో దాదాపు నాలుగో వంతు తిరిగి నేలకు చేరుతుంది. పశువుల మేతకు ఒక్క పరక కూడా మిగలనివ్వని పల్లెల నుంచి బిడ్డలను చూడవచ్చిన తెలుగు పెద్దలకు, ఎరువు వేసి పెంచిన గడ్డిని కోసి సంచులలో నింపి పారవేయడం వింతగా తోచడంలో ఆశ్చర్యం లేదు. ఈ విషయంలో వారి విస్మయమే సరైనది.

ఇంతవరకు చెప్పినది ఒక ఇంటి ఆవరణకు సంబంధించినది. కాని వానకు గీతలు, సరిహద్దులు తెలియవు. పచ్చికపై చల్లిన ఎరువు, వీధిలో రాలిన ఆకు వాననీటితో కాలువలోకి, అక్కడి నుంచి చాలాచోట్ల ఏ శుద్ధీ లేకుండానే సరస్సులోకి చేరుతాయి. వాటిలోని భాస్వరం నాచుకు విందు భోజనం. ఒక్క కిలో భాస్వరం కొన్ని వందల కిలోల నాచును పెంచగలదు. ఈ సత్యాన్ని గుర్తించి మిన్నెసోటా శాసనసభ 2002లో పచ్చికలకు భాస్వరపు ఎరువు వాడకాన్ని కట్టడి చేసింది. 2005 నుంచి ఆ నియమం రాష్ట్రమంతటా అమలులోకి వచ్చింది. కొత్తగా పచ్చిక నాటినవారికి, మట్టి పరీక్షలో భాస్వరం కొరవడినట్లు తేలినవారికి మినహాయింపు ఉన్నది. ఎరువు బస్తాపై ఉండే మూడు అంకెలలో నడిమిది సున్నాగా కనిపించడం ఆ చట్టం ఫలితమే. రాష్ట్రస్థాయిలో ఇటువంటి కట్టడి అమెరికాలో ఇదే మొదటిది.

చట్టం బస్తాను అదుపు చేసింది గాని చెట్టును అదుపు చేయలేదు. తెలుగువారి ఋతుక్రమంలో ఆకు రాలేది శిశిరంలో, వసంతానికి ముంగిట. మిన్నెసోటాలో ఆశ్వయుజ, కార్తిక మాసాలలోనే మేపుల్, ఎల్మ్ చెట్లు ఎరుపు, పసుపు ఆకులను వీధుల నిండా కుమ్మరిస్తాయి. పొరుగు రాష్ట్రమైన విస్కాన్సిన్‌లోని మాడిసన్ నగరంలో జరిగిన అధ్యయనం ఒకటి 2016లో వెలువడింది. ఆకులను ఎత్తివేయని వీధుల నుంచి ఏడాది మొత్తంలో కొట్టుకుపోయే భాస్వరంలో సగానికి పైగా ఆ ఆకురాలు కాలంలోనే పోతున్నదని, వాన కురిసేలోగా వీధిని ఊడిస్తే అది ఎంతగానో తగ్గుతుందని ఆ అధ్యయనం తేల్చింది. పచ్చికపై పడిన ఆకును యంత్రంతో పొడిచేసి వదిలితే అదే ఎరువు. వీధి కాలువలోకి నెట్టితే అదే విషం. గాలిని చిమ్మే యంత్రంతో ఆకులను తన ముంగిట నుంచి వీధిలోకి తోసివేసి చేతులు దులుపుకొనే గృహస్థుని పచ్చిక ఎంత నిగనిగలాడినా అది మంచి పచ్చిక అనిపించుకోదు.

చలికాలపు ఉప్పుదీ ఇదే కథ. నడకదారి మీది మంచు కరగడానికి చల్లే ఉప్పు పక్కనున్న గడ్డిని మాడుస్తుంది, సతతహరిత వృక్షాల ఆకులను ఎండబెడుతుంది, కరిగిన నీటితో సరస్సును చేరి ఇక తిరిగి రాదు. ఒక చెంచాడు ఉప్పు చాలు, దాదాపు 19 లీటర్ల మంచినీటిని పాడుచేయడానికి. ఉష్ణోగ్రత సున్నాకు 9 డిగ్రీల దిగువకు చేరితే మామూలు ఉప్పు సరిగా పనిచేయదు కూడా. పార చేతపట్టడానికి బద్ధకించి ఉప్పు గుమ్మరించడం అక్కడ పెరుగుతున్న దురలవాటు.

పచ్చికను సమూలంగా పెకలించాలనేవారూ లేకపోలేదు. ఆ వాదం అతి. పిల్లలు ఆడుకోవడానికి, మట్టి కొట్టుకుపోకుండా ఉండడానికి గడ్డిని మించినది లేదు. అయితే పచ్చికలో గడ్డి తప్ప మరేదీ ఉండరాదన్న పట్టుదల పాతది కాదు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు పచ్చిక విత్తనాలలో తెల్ల క్లోవర్ గింజలు కలిపి అమ్మేవారు. క్లోవర్ పెసర, మినుము కుటుంబపు మొక్క. గాలిలోని నత్రజనిని వేళ్లలో నిలుపుతుంది. వరి నాటుకు ముందు జనుము, జీలుగ చల్లి దున్నే తెలుగు రైతుకు ఈ కిటుకు సుపరిచితం. యుద్ధానంతరం వెడల్పాకు కలుపును చంపే మందులు వచ్చాయి. అవి క్లోవర్‌నూ చంపాయి. చంపిన తరువాత దానిని కలుపు అన్నారు!

క్లోవర్ పువ్వులతోపాటు తేనెటీగల ఆహారమూ తరిగింది. వీపున తుప్పురంగు మచ్చ గల బంబుల్ తేనెటీగ 2017లో అమెరికా అంతరించిపోయే జీవుల జాబితాలో చేరింది. 2019లో మిన్నెసోటా దానినే తన రాష్ట్ర తేనెటీగగా ప్రకటించింది. ఇంటి ముంగిట పూలమొక్కలు, క్లోవర్ నాటుకొనేవారికి తోడ్పడే 'లాన్స్ టు లెగ్యూమ్స్' పథకానికి అదే ఏడు శాసనసభ నిధులిచ్చింది.

అయినా ఇరుగుపొరుగు ఫిర్యాదు చేస్తే, గడ్డి 8 అంగుళాలు దాటిందని పురపాలక సంఘం నుంచి తాఖీదు వచ్చే భయం ఉండనే ఉండేది. 2023లో వచ్చిన చట్టం ఆ భయాన్ని చాలా వరకు తీర్చింది. ఉద్దేశపూర్వకంగా నాటి, సంరక్షిస్తున్న స్థానిక గడ్డినీ పూలమొక్కలనూ అవి ఎంత ఎత్తు పెరిగినా పురపాలక సంఘాలు అనుమతించాలి. పట్టించుకోకుండా వదిలేసిన పచ్చికకు మాత్రం ఈ రక్షణ వర్తించదు. తాఖీదు భయం తొలగినా పొరుగింటి కిటికీలోని చూపు తొలగదు. సెప్టెంబరులో గింజ చల్లి, అక్టోబరులో వీధి కాలువ జాలీ మీది ఆకులెత్తి, జనవరిలో ఉప్పు డబ్బాకు బదులు పార అందుకునే ఇంటివారి ముంగిలి మే నెలలో పక్కవారి ముంగిలికన్నా వారం పది రోజులు ఆలస్యంగా పచ్చబడవచ్చు.